జీతము విడిచి చిత్రకళకు

మన షోలాపూరులో చద్దర్లు నేయు పెద్ద కార్ఖానాల వెనుక ఒక చిన్న గది యుండును. మగ్గముల చప్పుడు అచట కొంత తగ్గి వినబడును. అందొకడు గళ్ళ కాగితము ముందు పెట్టుకొని కూర్చుండి గడులకు రంగులు నింపుచుండును. ఒక గడి యనగా ఒక పడుగుపోగును ఒక పేకపోగును కలియు చోటు. నింపిన గడికి అట్టలో రంధ్రము పడును. రంధ్రమున్నచోట జకార్డు కొక్కెము పడుగుపోగును పైకెత్తును, లేనిచోట ఎత్తదు. గడుల వరుస ఒక్కొక్కదానికి ఒక్కొక్క అట్ట. చద్దరుపై ఒక నెమలి దిగవలెనన్న వందల అట్టలు కావలసి వచ్చును. ఇప్పుడు కాగితమునకు మారుగా కంప్యూటరు తెర వచ్చినది గాని గడి లెక్క మాత్రము మారలేదు.

మన పాఠశాలలో చదివిన పిల్లలు కొందరు ఇట్టి పనిలో నెలజీతమునకు కుదిరియున్నారు. వారిలో ఒకరిద్దరు ఇటీవల మాయొద్దకు వచ్చి, కొలువు చాలించి స్వతంత్రముగా బొమ్మలు వేసికొని బ్రదుకుదుమని చెప్పిరి. వారి వెనుకనే తండ్రులును వచ్చిరి. "సారూ, మీరన్న చెప్పుండ్రి. మా తాత మీటరుకింత అని నేసి బతికిండు. నేను సాంచాల మీద బతికిన. వీనికి నెల తిరిగితే జీతమొస్తది, అది వద్దంటడు" అని ఒక తండ్రి వాపోయెను.

ఈ మాటలో న్యాయము కలదు. తెలంగాణపు పల్లెలనుండి మగ్గమును నమ్ముకొని ఈ ఊరికి వచ్చిన మన పద్మశాలి కుటుంబములకు కూలి నేసిన బట్టను బట్టియే దొరకెడిది. జ్వరము వచ్చిననాడు మగ్గము ఆగును, మగ్గము ఆగిననాడు పొయ్యియు ఆగును. అట్టివారికి నెలజీతమనునది తరముల పిమ్మట దొరకిన నీడ. స్వతంత్ర చిత్రకారుడు కాదలచిన కుఱ్ఱవాడు మొదట తెలిసికొనవలసినది ఇదియే: అతడు పోవుచున్నది క్రొత్త లోకమునకు కాదు, తాతగారి లెక్కకే. బొమ్మ అమ్ముడైననే డబ్బు. అయితే తాతగారు ఒకరి నూలుతో ఒకరి నమూనాను నేసిరి. వీడు వేయు బొమ్మ వీనిదే. ఈ భేదమునకు వెల యెంత యనునదే అసలు ప్రశ్న.

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. మన జిల్లాలోని పంఢరపురమున 1915లో జన్మించిన మక్బూల్ ఫిదా హుసేన్ బొంబాయిలో మొదట సినిమా ప్రకటన పలకలు చిత్రించెను. పిమ్మట 1940వ దశకములో పిల్లల ఆటబొమ్మలకును గృహసామగ్రికిని నమూనాలు గీయు ఉద్యోగములో చేరెను. అప్పటికే సంసారము మీదబడెను. పగలు కొలువు, మిగిలిన వేళ తన చిత్రములు. 1947లో బొంబాయి ఆర్ట్ సొసైటీ ప్రదర్శనలో బహుమతి పొందెను. ఆ దినములలోనే సూజా మొదలగువారు స్థాపించిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్టుల బృందమున చేరెను. కొలువు విడిచి, 1950లో బొంబాయిలో తన చిత్రములను మాత్రమే ప్రదర్శించెను. 1955లో లలితకళా అకాడమీ జాతీయ ప్రదర్శనలో 'జమీన్' అను చిత్రమునకు పురస్కారము వచ్చెను. మేము హైదరాబాదులో ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున, అక్కడ ఆయన నెలకొల్పిన 'సినిమా ఘర్' అను చిత్రశాల ఉండెడిది. ఆయన 2011లో లండనులో మరణించెను. లోకులు ఆయన చెప్పులు లేని పాదములను, చిత్రములు పలికిన కోట్లను చెప్పుకొందురు. ఆటబొమ్మల నమూనాలు గీసిన ఏండ్లను ఎవరును చెప్పుకొనరు. బహుమతి వచ్చిన బొమ్మ ఆ ఏండ్లలో వేసినదే.

ప్రభాకర్ బర్వే కథ వేరొక తీరు. చేనేతవారికి క్రొత్త నమూనాలు అందించుటకై 1956 మొదలు ప్రభుత్వము వీవర్స్ సర్వీస్ సెంటర్లను నెలకొల్పి, చిత్రకారులను జీతమిచ్చి నియమించెను. బర్వే 1961లో అందు చేరి, కొంతకాలము కాశీలోను పిమ్మట బొంబాయిలోను పనిచేసి, 1982 వరకు ఉండెను. ఇరువది యేండ్లకు పైబడిన కొలువు! ఆ కాలమంతయు తన చిత్రములు తాను వేయుచునే యుండెను. కొలువు విడిచినది అప్పటికే తన దారి తనకు దొరకిన తరువాత. 1990లో 'కోరా కాన్వాస్' అని మరాఠీలో ఒక గ్రంథము వ్రాసెను. మన పిల్లలకు మరాఠీ వచ్చును గనుక పై తరగతులవారు దానిని చదువవచ్చును.

జీతము కళను చంపుననువారితో మేము ఏకీభవింపము. జీతము కళకు అన్నము పెట్టిన సందర్భములు పెక్కులు. అయినను జీతము ఒకదానిని మాత్రము తీసికొనును. అది హక్కు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, వేరు ఒడంబడిక లేనియెడల, ఉద్యోగి కొలువులో భాగముగా వేసిన బొమ్మకు మొదటి హక్కుదారు యజమాని. తనంత తాను వేసిన బొమ్మపై హక్కు వేసినవానిది. అది అతని జీవితకాలమును, అటుపిమ్మట 60 ఏండ్లును నిలుచును. ఒకనికి హక్కు వ్రాసియిచ్చునపుడు కాలము పేర్కొననిచో అయిదేండ్లకనియు, ప్రదేశము పేర్కొననిచో భారతదేశమునకనియు చట్టము గ్రహించును. కావున కాగితముపై ఈ రెండును వ్రాయించుకొనక సంతకము చేయరాదు.

బట్టల నమూనాలు గీయువాడు మరియొకటి తెలియవలయును. డిజైనుల చట్టము క్రింద నమోదు చేయదగియుండియు నమోదు చేయని నమూనాను, హక్కుదారుగాని అతని అనుమతి పొందినవాడుగాని యంత్రముపై 50 సార్లకు మించి దింపినచో దానిపై కాపీరైటు పోవును. మన ఊరి సాంచాలపై 50 చద్దర్లు దిగుటకు ఎంతసేపు? నమోదు చేసినచో పదేండ్ల రక్షణ, కోరినచో మరి అయిదేండ్లు. నమోదునకు ముందు నమూనాను బజారులో పెట్టరాదు.

ఇక తండ్రులకు ఒక మాట. పిల్లవాడు ఆదివారము నాడేమి చేయుచున్నాడో చూడుడు. సెలవునాడు కూడ కాగితము వదలక తన బొమ్మ తాను వేయుచు, ఒకటి రెండైనను అమ్మి, ఆ డబ్బు చిట్టాలో వ్రాసికొనుచున్నచో వాని కోరికను త్రోసివేయకుడు. కొలువుపై విసుగే తప్ప చూపుటకు పది బొమ్మలైనను లేనివానిని మరికొంతకాలము ఉండుమనుడు. బర్వే ఇరువది యేండ్లు ఉండలేదా? కనీసము ఆరునెలల యింటి ఖర్చు చేతిలో లేనిదే జీతము వదలుట మాకు సమ్మతము కాదు. పనికి ఒప్పుకొనునపుడు సగము ముందుగా అడుగుటకు సిగ్గుపడరాదు, రంగులు ఎవరును అప్పుగా ఇయ్యరు. కొలువులో గీసిన నమూనాలను పెన్ డ్రైవులో ఇంటికి తెచ్చుకొని తనవని అమ్మజూపుట నేరమునకు దారితీయును.

ఉద్యోగము విడువదలచినవారు మొదట తమ నియామకపత్రమును చదువవలెను. అది ఇంగ్లీషులోనో మరాఠీలోనో యుండును. హక్కులెవరివి, ఎన్ని దినముల ముందు తెలుపవలెను, విడిచిన పిమ్మట అదే పని చేయుటకు అడ్డంకులేమైన వ్రాసిరా అను సంగతులు అందు చిన్న అక్షరములలో ఉండును. తండ్రియు కొడుకును కలిసి ఆ పత్రమును శనివారము మధ్యాహ్నము పాఠశాలకు తెచ్చినచో, మేము కూర్చుండి తెలుగున చదివి వినిపింతుము.