పేరు కూడా అమానతే

పంట కోసిన రోజే అందులోని హక్కును చెల్లించవలసిందని దివ్య ఖుర్‌ఆన్ ఆదేశించింది (6:141). గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మిర్చి యార్డుకు చేరి, ప్రత్తి అమ్ముడై నాలుగు డబ్బులు చేతికందే రోజుల్లోను, రంజాన్ మాసంలోను చందా పుస్తకాలు తిరగడం సహజమే. అనాథల కోసం, వైద్యశాల కోసం, మద్రసా కోసం ఉత్సాహవంతులు వసూళ్ళకు పూనుకుంటారు. అయితే ఒక్కోసారి ఆ సంస్థవారే, "మీ ప్రయత్నం మంచిదే గాని, కరపత్రం మీద మా పేరు వేయవద్దు" అంటారు. వసూలుకు పూనుకున్నవారికి ఇది అహంకారంగా తోస్తుంది. పేదవాని నోటి దగ్గర కూడు లాగివేసినట్లు భావించేవారూ ఉన్నారు. కనుక ఈ నిరాకరణకు గల కారణాలను విచారించడం అవసరం.

పేరు ఇవ్వడమంటే సాక్ష్యం ఇవ్వడమే. హిజ్రీ 9వ సంవత్సరంలో (క్రీ.శ. 630) కొందరు కపట విశ్వాసులు ఖుబా సమీపంలో ఒక మస్జిదు కట్టి, వచ్చి అందులో నమాజు చేయవలసిందని దైవప్రవక్తను (సఅసం) కోరారు. వ్యాధిగ్రస్తుల కోసం, నిరుపేదల కోసం, వాన రాత్రుల కోసం దాన్ని కట్టామన్నారు. పైకి చెప్పిన ఉద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు. కాని వారికి కావలసింది ఆయన రాకవల్ల కలిగే ఆమోదముద్ర. ఆయన తబూక్ నుండి తిరిగి వస్తుండగా అవతరించిన ఆయతులు ఆ మస్జిదులో నిలబడరాదని వారించాయి (9:107-110). నేటి చందాదారులను ఆ కపటులతో పోల్చడం అన్యాయమే అవుతుంది. అయితే కార్యం మంచిదైనంత మాత్రాన దానికి పేరు అరువివ్వవలసిన బాధ్యత ఎవరికీ లేదని ఈ సంఘటన వల్ల స్పష్టమవుతున్నది.

రెండవ కారణం లెక్కకు సంబంధించినది. ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తి జకాత్ వసూలు చేసి తెచ్చి, "ఇది మీది, ఇది నాకు వచ్చిన కానుక" అన్నప్పుడు, దైవప్రవక్త (సఅసం) మింబరుపై నిలబడి ఆ పద్ధతిని ఖండించారు. సంస్థ పేరుతో ఇతరులు వసూలు చేసినప్పుడు రసీదు పుస్తకాలు, ఖర్చులు వారి చేతిలో ఉంటాయి. లోటు వస్తే నింద మాత్రం సంస్థకు చుట్టుకుంటుంది. అంతేకాదు, జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను ఖుర్‌ఆన్ నిర్ణయించింది (9:60). దాత జకాత్ అని ఇచ్చిన సొమ్మును వసూలుదారు సాధారణ విరాళంలో కలిపివేస్తే, ఆ జకాత్‌కు జవాబు చెప్పుకోవలసినవారు ఎవరు?

మూడవది ధనం వచ్చిన మార్గం. ప్రవక్త పదవికి పూర్వమే, దాదాపు క్రీ.శ. 605లో, ఖురైషీయులు కాబాను పునర్నిర్మించినప్పుడు వడ్డీ సొమ్మును, వ్యభిచారపు సొమ్మును, అన్యాయార్జితాన్ని అందులో చేర్చరాదని నిశ్చయించుకున్నారు. ధర్మార్జితం చాలలేదు. హతీం భాగం గోడ వెలుపలే ఉండిపోయింది. నేటికీ అలాగే ఉన్నది. కాదన్నప్పుడు నష్టం ఉంటుందనడానికి, ఆ నష్టాన్ని సైతం భరించవచ్చుననడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. లండనులో 2018 జనవరిలో పురుషులకు మాత్రమే ఏర్పాటైన ఒక విరాళాల విందులో పరిచారికల పట్ల అసభ్య ప్రవర్తన జరిగినట్లు పత్రిక ద్వారా బయటపడగా, గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి ధర్మసంస్థ ఆ నిర్వాహకుల నుండి అంతకు ముందు అందిన విరాళాలను తిరిగి ఇచ్చివేస్తామని ప్రకటించింది.

ఈ ప్రశ్న గుంటూరుకు దూరమైనది కాదు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉన్నది. ఎన్నో కుటుంబాల అన్నం పొగాకు మీద ఆధారపడినదే. క్యాన్సరు రోగులకు సేవచేసే సంస్థ పొగాకు రైతు ఇచ్చిన నూరు రూపాయలను గౌరవంతో స్వీకరించవచ్చు. అతడు ఆ సొమ్ముతో దేనికీ ప్రచారం కోరడం లేదు. సిగరెట్టు కంపెనీ తన పేరు గల బ్యానరు కట్టి విరాళాల సభ జరుపుతానంటే సంగతి వేరు. ఆర్థిక ప్రాయోజనానికి, కానుకకు, బహుమతికి, విద్యార్థి వేతనానికి బదులుగా పొగాకు వాడకానికి గాని, దాని బ్రాండుకు గాని ప్రచారం చేయడాన్ని 2003 నాటి భారత చట్టం 5వ సెక్షను నిషేధించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒడంబడికపై 2008లో ఆమోదించిన మార్గదర్శకాలు, కంపెనీలు సమాజసేవ పేరుతో ఇచ్చే విరాళాలను కూడా ప్రాయోజనంగానే పరిగణించాయి. వ్యాధిని తెచ్చే సరుకు పేరును చికిత్స చేసేవారి పేరు పక్కన నిలిపితే, రోగి దేన్ని నమ్మాలి?

అయితే నిరాకరణకు కూడా ఒక మర్యాద ఉన్నది. అనుమానం మాత్రాన ఎవరినీ దోషిగా నిలబెట్టరాదు; కారణాన్ని ఏకాంతంలో, మెత్తగా చెప్పాలి. కాదన్న సొమ్ము వల్ల ఆగిపోయే పేదవాని అవసరం ఏమిటో సంస్థ ముందే ఆలోచించుకోవాలి. వసూలుకు పూనుకున్నవారు సైతం కరపత్రం అచ్చు వేయించకముందే సంస్థ అనుమతిని వ్రాతపూర్వకంగా పొందాలి. జకాత్ ఎంత, సదఖా ఎంత, ఖర్చులెవరు భరిస్తారు, లెక్క ఏ తేదీన అప్పగిస్తారు అన్నవి అందులో ఉండాలి. అనుమతి రాకపోతే సొంత సొమ్మును పేరు లేకుండానే నేరుగా అందజేయవచ్చు. బహిరంగ దానం మంచిదే గాని, రహస్యంగా పేదలకిచ్చేది మరింత మేలని ఖుర్‌ఆన్ తెలిపింది (2:271). ఆ దారిని ఏ సంస్థా మూసివేయలేదు.