పిచర్ కాలికి ఎర్రమన్నే మేలు

హిందూపురంలోనైనా ధర్మవరంలోనైనా ఇప్పుడు కొత్తగా ఇల్లు కడితే వాకిలికి సిమెంటు పోయడమో, తాడిపత్రి బండలు పరచడమో మామూలైంది. పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం నీళ్లు చల్లి ముగ్గేసే మట్టి వాకిళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. బడిలో సాఫ్ట్‌బాల్ ఆడుతూ ఇంటి దగ్గర కూడా పిచింగ్ సాధన చేయాలనుకునే పిల్లలకు ఆ మట్టి వాకిలే సరైన చోటు. అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ మైదానాల్లో సాఫ్ట్‌బాల్ పోటీలు జరుగుతుంటాయి. ఇక్కడి బడిపిల్లలకు ఈ ఆట కొత్త కాదు. అయినా ఇంట్లో సాధన అనగానే బంతి, గ్లవ్ కొనిపెట్టడంతోనే పెద్దవాళ్ల బాధ్యత తీరిపోతోంది. కాలి కింద నేల ఏమిటని అడిగేవాళ్లు తక్కువ.

పిచర్ చెయ్యి భుజం చుట్టూ పూర్తిగా ఒక సున్నా తిరిగి, తొడ పక్కనుంచి బంతిని వదులుతుంది. ఆ వేగానికి మూలం కాళ్లలో ఉంది. కుడిచేతి వాటం అమ్మాయి కుడికాలితో నేలలో పాతిన పలకను (ప్లేటును) తన్ని, పెద్ద అంగ వేసి, ఎడమకాలిని గట్టిగా ఆనిస్తుంది. వెనక పడ్డ కుడికాలి వేళ్లు నేలను రాసుకుంటూ ముందుకొస్తాయి. ఎడమకాలు ఆనిన క్షణాన దానిమీద పడే బలం ఒంటి బరువును మించుతుందని కళాశాల పిచర్ల మీద తీసిన కొలతలు చెబుతున్నాయి. అంటే నేల ఒకేసారి రెండు పనులు చేయాలి: ముందుకాలిని జారనీయకూడదు, వెనకకాలిని పట్టేయకూడదు. గరుకు సిమెంటు వెనకకాలిని పట్టేస్తుంది. బూటు ముక్కు అరుగుతుంది, మోకాలు మెలిపడుతుంది. నున్నటి బండ మీద కాస్త దుమ్మో తడో ఉంటే ముందుకాలే జారిపోతుంది. దిమ్మిస కొట్టిన ఎర్రమన్ను కాలు ఆనగానే పిసరంత అణిగి, ఆ తర్వాత ఆపుతుంది. ఆ అణగడంలోనే దెబ్బ కొంత తగ్గుతుంది.

అలాగని ఏ మన్ను పడితే అది పనికిరాదు. నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే కాలికి అంటుకుంటుంది. ఒట్టి ఇసుకలో కాలు కూరుకుపోతుంది. మంచి సాఫ్ట్‌బాల్ మైదానాల్లో ఇసుక పాలు ఎక్కువగా, పట్టుకోసం బంకమన్ను తక్కువగా కలిపిన మట్టి పరుస్తారు. మన గరప ఎర్రనేల దానికి చాలా దగ్గర. దాన్ని గట్టిపరిచే విద్య కూడా ఇక్కడి రైతుకు కొత్త కాదు. కల్లం చేసేటప్పుడు గడ్డి చెక్కి, నీళ్లు చల్లి, తడి ఆరీ ఆరకముందే గుండు దొర్లించేవాళ్లు. పేడ అలుకు ఒక్కటి మానేస్తే పిచింగ్ చోటుకూ అదే పద్ధతి. అలికిన నేల తడిస్తే జారుతుంది. బేస్‌బాల్‌లో పిచర్ నిలబడే దిబ్బ 10 అంగుళాల ఎత్తుంటుంది. సాఫ్ట్‌బాల్‌లో దిబ్బ లేదు, చదును నేలే. 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉన్న చెక్కను నేలకు సమంగా పాతితే ప్లేటు సిద్ధం. చెంబుడు నీళ్లు పోసి చూస్తే వాలు ఎటుందో తెలిసిపోతుంది.

మట్టిలో గుంట పడుతుందన్న అభ్యంతరం నిజమే. కాలు రోజూ ఒకే చోట ఆనితే వారంలోనే పల్లమవుతుంది, అందులో చీలమండ మడతపడే ప్రమాదం ఉంది. సాధన అయ్యాక తడిమన్ను వేసి దిమ్మిస కొట్టడం బంతి విసరడమంత ముఖ్యం. వాన సంగతికొస్తే, ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల దరిదాపే. మట్టి బురదయ్యే రోజులకన్నా దుమ్ము లేచే రోజులే ఎక్కువ. ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. మంచి బూట్లుంటే సిమెంటు చాలదా అంటారు కొందరు. బూటు దెబ్బను కొంత తగ్గిస్తుంది కానీ, ఈడ్చే కాలికి నేల ఇవ్వాల్సిన జారుడును అది ఇవ్వలేదు. సిమెంటు మీద రబ్బరు చాప వేయడం కొంత నయమే. అయితే చాప కదిలిందంటే సిమెంటుకన్నా ప్రమాదం. ఈ ఆట 1887లో షికాగోలో నాలుగు గోడల మధ్యే పుట్టింది కదా అనవచ్చు. నిజమే, కానీ ఇప్పటిలా చెయ్యి గిర్రున తిప్పి విసిరే పిచింగ్ ఆ తర్వాత వచ్చినది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం స్థలం లేకపోవడం. మహిళల పిచింగ్ దూరం 43 అడుగులు, పురుషులది 46. బంతి పట్టేవారికీ వెనక అడ్డుకూ కలిపితే ఇంకా కావాలి. ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండే ధర్మవరం మగ్గాల వీధుల్లో అంత జాగా ఎక్కడిది? ఇక్కడ సాధనను రెండుగా విడదీయాలి. మణికట్టు విరుపు నేర్చుకోవడానికి గోడకు పాత బొంత వేలాడదీసి పది అడుగుల నుంచి విసిరితే చాలు. అంగ వేయాల్సిన పని లేదు గనక ఏ నేలైనా ఫరవాలేదు. పూర్తి అంగతో విసరడం మాత్రం మట్టి ఉన్న బడి మైదానంలోనే జరగాలి. సుమారు 180 గ్రాముల బరువుండే బంతిని జనం తిరిగే వీధిలోనో మిద్దె మీదనో వేగంగా విసరడం ఎవరికీ క్షేమం కాదు.

వాకిలంతా సిమెంటు పోయించబోతున్న తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఇంట్లో పిచింగ్ నేర్చుకుంటున్న పిల్ల ఉంటే, ఆమె నిలబడి అంగ వేసే చోట ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు మన్ను అలాగే వదిలేయండి.