రిటైరయినా ఇ.ఎస్.ఐ. కార్డు వదులుకోవద్దు

పటాన్‌చెరు: ఫ్యాక్టరీలో చివరి రోజున దండ వేసి, శాలువా కప్పి, గోడ గడియారమో స్టీలు బిందెనో చేతికిచ్చి పంపుతారు. పి.ఎఫ్. కాగితాల గురించి తోటివారు పదిసార్లు గుర్తు చేస్తారు. గ్రాట్యుటీ లెక్కలో తేడా వస్తే యూనియన్ వారు వెంట వచ్చి మాట్లాడతారు. కాని ఇన్నేళ్ళూ జీతంలోంచి నెలనెలా కోత పడుతూ వచ్చిన ఇ.ఎస్.ఐ. సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తుకు రాదు. కొలువే పోయాక ఇంకెక్కడి ఇ.ఎస్.ఐ. అనుకుని కార్డును పెట్టె అడుగున పడేసేవారే ఎక్కువ. ఆ తర్వాత నాలుగు రోజులకే ఆరోగ్య బీమా ఏజెంటు ఇంటికి వస్తాడు. పి.ఎఫ్. డబ్బు బ్యాంకులో పడిన సంగతి వీరికి ఎలా తెలుస్తుందో గాని, ఆలస్యం మాత్రం చేయరు.

ఏజెంటు చెప్పేది వినడానికి ముందు కార్మికుడు చేయవలసిన పని ఒకటి వుంది. 1950 నాటి ఇ.ఎస్.ఐ. నియమావళిలోని 61వ నిబంధన ప్రకారం, కనీసం 5 సంవత్సరాలు ఇ.ఎస్.ఐ. కింద వుండి వయసు నిండి గాని, స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద గాని బయటకు వచ్చిన కార్మికుడు సంవత్సరానికి 120 రూపాయలు ముందుగా చెల్లిస్తే, తనకూ తన భార్యకూ (కార్మికురాలైతే భర్తకు) వైద్యం కొనసాగుతుంది. నెలకు పది రూపాయలన్నమాట. ఇస్నాపూర్ చౌరస్తాలో ఒక చాయ్‌కి కూడా అంతకంటే ఎక్కువే అవుతుంది. పిల్లలకు మాత్రం ఈ సదుపాయం వర్తించదు. యాజమాన్యం నుంచి పదవీ విరమణ ధ్రువపత్రం తీసుకుని ఇ.ఎస్.ఐ. బ్రాంచి కార్యాలయంలో దాఖలు చేయాలి. ఏటా గడువు దాటకుండా డబ్బు కట్టాలి.

ఈ కార్డుతో రక్తపోటు, చక్కెర వ్యాధి మందులు నెలనెలా డిస్పెన్సరీలో దొరుకుతాయి. ఈ ప్రాంతం వారికి రామచంద్రాపురంలో ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి వుంది. పై స్థాయి వైద్యం కోసం సనత్‌నగర్‌లో వైద్య కళాశాలతో కూడిన ఆస్పత్రి వుంది. రిటైరైన వారిని ఏ జబ్బుకు ఎక్కడిదాకా పంపుతారో, ప్రైవేటు ఆస్పత్రికి సిఫారసు చీటీ ఇస్తారో ఇవ్వరో కార్డు పునరుద్ధరణ రోజునే అడిగి తెలుసుకోవడం మంచిది. గుండె నొప్పి వచ్చిన రాత్రి అడిగే ప్రశ్న కాదది.

జీతం పెరగడం వల్ల నష్టపోయినవారు మరో వర్గం. 2017 జనవరి నుంచి నెలకు 21,000 రూపాయలు దాటితే ఇ.ఎస్.ఐ. పరిధి నుంచి తప్పిస్తారు. మందుల కంపెనీల్లో పాతికేళ్ళు చందా కట్టిన పర్మనెంటు కార్మికులు చివరి ఐదారేళ్ళలో ఈ గీత దాటి, రిటైరయ్యే నాటికి ఏ కార్డూ లేకుండా మిగిలారు. వీరి కోసం 2024 ఫిబ్రవరిలో ఇ.ఎస్.ఐ. కార్పొరేషన్ నిబంధన సడలించింది. 2012 ఏప్రిల్ 1 తర్వాత ఇ.ఎస్.ఐ. కింద పనిచేసి, మొత్తం మీద కనీసం 5 ఏళ్ళు చందా కట్టి, 2017 ఏప్రిల్ 1 తర్వాత నెలకు 30,000 రూపాయల లోపు జీతంతో రిటైరైన వారికి కూడా అవకాశం కల్పించింది. బొల్లారం, పాశమైలారం, జిన్నారం ప్రాంతాల్లో ఇటువంటివారు ఎంతోమంది వున్నా, ఈ కబురు వారిదాకా చేరినట్టు కనిపించదు.

అయితే ఇ.ఎస్.ఐ. ఒక్కటే చాలునా? చాలదు. అత్యవసర పరిస్థితిలో తప్ప, సొంతంగా ప్రైవేటు ఆస్పత్రిలో చేరితే ఆ బిల్లు ఇ.ఎస్.ఐ. ఇవ్వదు. అత్యవసరాన్ని కూడా కాగితాలతో రుజువు చేసుకోవాలి. కొడుకు దగ్గరికి మరో ఊరు వెళితే దగ్గరలో డిస్పెన్సరీ వుండకపోవచ్చు. పడకలకు, పరీక్షలకు వేచి వుండడమూ తప్పదు. ఈ లోటును పూడ్చుకోవడానికే బీమా కావాలి.

ఇక్కడే పొరపాటు జరుగుతున్నది. తక్కువ ప్రీమియం చూసి పలువురు 'సూపర్ టాప్-అప్' పాలసీ కొంటున్నారు. మూడు లక్షల వరకు మీకు ఇ.ఎస్.ఐ. వుంది కదా, ఆ పైన మేము చూసుకుంటాం అంటే సబబుగానే వినిపిస్తుంది. లెక్క వేసి చూడండి. హైదరాబాదులో ప్రైవేటు ఆస్పత్రిలో గుండె ఆపరేషనుకు నాలుగు లక్షల బిల్లయితే, ఈ పాలసీ ఇచ్చేది పైనున్న ఒక్క లక్ష మాత్రమే. కింది మూడు లక్షలు ఇ.ఎస్.ఐ. ఇవ్వదు, ఎందుకంటే అది తన ఆస్పత్రిలో వైద్యం చేస్తుందే గాని, కార్మికుడు ఎంచుకున్న చోట బిల్లు కట్టదు. ఆ మూడు లక్షలు పి.ఎఫ్. డబ్బులోంచి పోవలసిందే. కనుక ఇ.ఎస్.ఐ. కార్డు వున్నవారికి చిన్న మొత్తానిదైనా మొదటి రూపాయి నుంచి చెల్లించే పాలసీయే మేలు.

ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో రిటైరై సి.జి.హెచ్.ఎస్. కార్డు వున్నవారి సంగతి వేరు. వారు బిల్లును ముందు బీమా కంపెనీకి సమర్పించి, మిగిలిన మొత్తాన్ని నిర్ణీత రేట్ల మేరకు సి.జి.హెచ్.ఎస్. నుంచి కోరవచ్చు. వారికి టాప్-అప్ పనికివస్తుంది. బి.హెచ్.ఇ.ఎల్. రిటైర్డు ఉద్యోగులకు సంస్థ సొంత వైద్య పథకం వుంది. ఆ ఇంటాయన కొన్న పాలసీయే చూసి పక్కింటి ఇ.ఎస్.ఐ. కార్మికుడు కొనడం తగదు.

మరి ఎప్పుడు కొనాలి? రిటైరయ్యాక కాదు, ముందు. పాలసీ తీసుకునే నాటికే వున్న జబ్బులకు కంపెనీలు గరిష్ఠంగా మూడేళ్ళు వేచి వుండమనవచ్చు. 2024 దాకా ఇది నాలుగేళ్ళు. 55వ ఏట పాలసీ తీసుకుంటే 58లో పదవీ విరమణ నాటికి ఆ మూడేళ్ళూ గడిచిపోతాయి. మధ్యలో చక్కెర, రక్తపోటు వంటివి ముదిరినా ఇ.ఎస్.ఐ. కాపు కాస్తుంది. 58లో కొన్నవారు 61 దాకా అదే 120 రూపాయల కార్డు మీద నెట్టుకురావాలి. ఆ కార్డు పారేసినవారికి ఆ మూడేళ్ళూ ఏ దిక్కూ వుండదు. జీతం 21,000 దాటి కంపెనీ గ్రూపు పాలసీలో వున్నవారు, రిటైర్మెంటుకు ముందే అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మార్పు కోరాలి. అప్పుడు గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది.

65 ఏళ్ళు దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వరన్న మాట ఇప్పుడు పాతది. 2024 ఏప్రిల్ నుంచి అన్ని వయసుల వారికీ ఇవ్వవచ్చు, ప్రీమియం మాత్రం బరువుగా వుంటుంది. 60 దాటినవారికి ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశాలు వచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జి.ఎస్.టి. కూడా తీసివేశారు.

పాలసీల్లో పోల్చి చూసుకోవడానికి 'ఆరోగ్య సంజీవని' అనువైనది. 2020 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టిన ఈ పాలసీ షరతులు ఏ కంపెనీ అమ్మినా ఒక్కటే, ప్రీమియం మాత్రమే వేరు. బిల్లులో 5 శాతం పాలసీదారు భరించాలి. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, అదీ రోజుకు 5,000 మించకుండా. రెండు లక్షల పాలసీ వున్నవారు 4,000 రూపాయల గదిలో వుండాలి. 8,000 గది తీసుకుంటే పోయేది అదనపు అద్దె ఒక్కటే కాదు. మందుల ఖర్చు మినహా, డాక్టరు ఫీజు, ఆపరేషను థియేటరు చార్జీలు కూడా అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు. ఆస్పత్రిలో చేర్చే హడావిడిలో మంచి గది ఇవ్వండని కొడుకులు చెప్పే మాట ఎంత ఖరీదైనదో డిశ్చార్జి రోజున గాని తెలియదు.

దరఖాస్తులో జబ్బులు దాచవద్దు. ఏమీ లేవని రాసేద్దామని ఏజెంటు అంటే ఒప్పుకోకండి. ఏ తేదీన ఏ మాత్ర తీసుకున్నదీ ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీ చిట్టాలోనే వుంటుంది. రసాయనాల మధ్య పనిచేసి దగ్గు, ఆయాసం తెచ్చుకున్నవారు దాన్నీ రాయాలి. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే తిప్పి పంపవచ్చు. ఆ నెల రోజుల్లో చదువుకున్న పిల్లల చేత దాన్ని చదివించుకోవాలి.

ఆహారభద్రత కార్డున్న ఇంటివారికి ఆరోగ్యశ్రీ వుంది. దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఇక 70 నిండినవారికి 2024 అక్టోబరు 29న కేంద్రం ప్రారంభించిన వయవందన కార్డు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల వరకు వర్తిస్తుంది. ఇ.ఎస్.ఐ. గాని, ప్రైవేటు పాలసీ గాని వున్నా దీన్ని తీసుకోవచ్చు. సి.జి.హెచ్.ఎస్. వారు మాత్రం రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. ఏ ఆస్పత్రి ఏ కార్డు తీసుకుంటుందో ముందే కనుక్కుని వుంచుకోవాలి.

వీటన్నిటిలో ఎక్కువగా నష్టపోయేది కాంట్రాక్టు కార్మికులు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఇ.ఎస్.ఐ. నంబరు రాసినవారికి, ఇరవై ఏళ్ళు పనిచేసినా ఏ ఒక్క నంబరు మీదా ఐదేళ్ళు కనబడవు. పదవీ విరమణ కాగితం ఇచ్చేవారూ వుండరు. యాభై దాటినవారు పాత జీతం చీటీలు, పాత ఇ.ఎస్.ఐ. కార్డులు, ఆధారు పట్టుకుని బ్రాంచి కార్యాలయానికి వెళ్ళి, ఆ నంబర్లన్నీ ఒకటిగా కలిపించుకోవాలి. కాంట్రాక్టరు ఆచూకీ దొరికే రోజుల్లోనే ఆ పని పూర్తి చేసుకోవాలి.