ఠాణాలో తప్పు జరిగితే

చాంద్రాయణగుట్ట హైదరాబాదు పాతబస్తీలో ఉంది. అక్కడ పోలీసు ఠాణా ఉంది. దొంగతనం జరిగితే ఠాణాకు పోతారు. పిల్ల తప్పిపోయినా, మొగుడు కొట్టినా అక్కడికే పోతారు. పోలీసులు ఉన్నది కాపాడటానికి. మరి పోలీసే తప్పు చేస్తే? ఆ తప్పును ఎవరు రాస్తారు?

నల్లకుంట కేసు

ఇదే నగరంలో, మూసీ అవతల, నల్లకుంట ఉంది. 1978 మార్చిలో ఒక రాత్రి భార్యాభర్తలు సినిమా చూసి ఇంటికి వస్తున్నారు. పోలీసులు వారిని పట్టుకున్నారు. పోలీసులు తనను చెరిచారని ఆమె చెప్పింది. భర్త దెబ్బలు తిని చనిపోయాడు. జనం శవంతో ఠాణా ముందుకు వచ్చారు. ఊరు అట్టుడికింది. పోలీసులు కాల్పులు జరిపారు. కర్ఫ్యూ పెట్టారు.

ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ గారితో విచారణ సంఘం వేసింది. ఆమె నడత మంచిది కాదని పోలీసుల తరఫువారు వాదించారు. అయినా పోలీసులదే తప్పని సంఘం తేల్చింది. తరవాత కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారింది. 1981లో ఆ కోర్టు పోలీసులను విడిచిపెట్టింది.

కానీ ఆమె చెప్పిన మాటలు కాగితం మీద మిగిలాయి. పరిశోధకులు వాటిని చదివారు. మహారాష్ట్రలోనూ ఇలాంటి కేసు జరిగింది. దేశమంతటా ఆడవాళ్ళు కదిలారు. 1983లో చట్టం మారింది. పోలీసుల అదుపులో ఉన్న స్త్రీని పోలీసు కలిసినట్టు రుజువైతే, “నేను ఒప్పుకోలేదు” అని ఆమె కోర్టులో చెబితే చాలు. కోర్టు ఆ మాటను నిజమనే తీసుకోవాలి. కాదని రుజువు చేయాల్సింది ఆ పోలీసే.

లెక్క రాసేవారు

అమెరికాలో ఫిలిప్ స్టిన్సన్ అనే ప్రొఫెసరు ఉన్నారు. ఒకప్పుడు ఆయనా పోలీసే. నేరం చేసి అరెస్టయిన పోలీసుల లెక్క అక్కడి సర్కారు దగ్గర లేదు. ఆయన పత్రికల వార్తలు, కోర్టు కాగితాలు పోగుచేశారు. 2005 నుంచి జరిగిన వేల కేసులు అలా బయటపడ్డాయి. వాటిలో దొంగతనాలు ఉన్నాయి, అత్యాచారాలు ఉన్నాయి. పెళ్ళాన్ని కొట్టిన పోలీసుల కేసులూ ఉన్నాయి.

మన దేశంలో జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏడాదివారీ లెక్కలు అచ్చువేస్తుంది. పోలీసుల అదుపులో జరిగిన చావులు కూడా అందులో ఉంటాయి. కానీ ఆ లెక్కలు పోలీసు శాఖ పంపినవే. కాగితం మీదకు ఎక్కని తప్పు లెక్కలోకి రాదు.

తెలుసుకోవలసినవి

1. ఫిర్యాదు రాశాక చదువుకోవాలి. చదవకుండా సంతకం పెట్టకూడదు. వేలిముద్ర వేయకూడదు.

2. ఎఫ్.ఐ.ఆర్. నకలు అడిగి తీసుకోవాలి. దానికి డబ్బు కట్టనక్కరలేదు.

3. ఠాణాలో ఫిర్యాదు తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపవచ్చు. అప్పుడూ పని కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు పోవచ్చు.

4. సాక్ష్యం అడగాలంటే పోలీసులే ఆడవాళ్ళ ఇంటికి రావాలి. ఠాణాకు రమ్మని బలవంతం చేయకూడదు.

5. పొద్దు గూకాక, తెల్లవారేలోపు ఆడమనిషిని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని చేయాలి.

6. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోవాలి.

7. ఆడవాళ్ళకు సర్కారు ఉచితంగా వకీలును ఇస్తుంది. కోర్టులోని న్యాయ సేవల సంస్థలో అడగాలి.

8. అరెస్టుకు వచ్చిన పోలీసు పేరు అతని చొక్కా మీద కనబడాలి. 1996లో సుప్రీంకోర్టు ఇలా ఆదేశించింది. ఆ పేరు చదవాలి. తేదీ, వేళతో సహా రాసి పెట్టుకోవాలి.