‘నీళ్లు వేడెక్కడం లేదు’: ఒకే ఫిర్యాదు వెనుక ఎన్నో లోపాలు.. గీజర్ జబ్బును గుర్తించడం ఎలా?

భిలాయ్: డిసెంబరు, జనవరి నెలల్లో ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. ఉక్కు కర్మాగారంలో తెల్లవారుతూనే షిఫ్టుకు వెళ్లవలసిన వారి ఇంట్లో గీజర్ మొరాయిస్తే ఆ రోజు ఆరంభమే తప్పుతుంది. సెక్టర్ 2లోని తెలుగు ఇల్లాలైనా, పక్క క్వార్టర్‌లోని హిందీ కుటుంబమైనా ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి చెప్పేది ఒకే మాట: ‘పానీ గరమ్ నహీ హో రహా’. ఏ భాషలో చెప్పినా ఆ వాక్యం చాలా తక్కువ చెబుతుంది. దాని వెనుక కాలిపోయిన ఎలిమెంట్ ఉండవచ్చు, పడిపోయిన ఓల్టేజీ ఉండవచ్చు, సరిగా మూసుకోని మిక్సర్ కుళాయి ఉండవచ్చు. వీటిలో కొన్ని కేవలం అసౌకర్యం. ఒకటి రెండు మాత్రం ప్రాణం తీసేవి. ఏది ఏదో తేల్చుకోవడానికి గీజర్ విప్పనవసరం లేదు. లక్షణాలను వరుసగా గమనిస్తే చాలావరకు సరిపోతుంది.

సోవియట్ యూనియన్ సహకారంతో భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం నెలకొల్పేందుకు 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారంతోపాటే సెక్టర్లుగా టౌన్‌షిప్ లేచింది. రాయపూర్–విజయనగరం రైలు మార్గం అప్పటికే ఉండడంతో ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలకు ఈ ఊరు దూరమనిపించలేదు. మూడో తరం తెలుగువారు ఇప్పుడు ఇక్కడ పెరుగుతున్నారు.

ఆ కాలపు ఇళ్లను దీపాలు, పంకాలు, ఒక రేడియో దృష్టిలో ఉంచుకొని కట్టారు. ఇది భిలాయ్‌కే పరిమితం కాదు. 1950, 60 దశకాల్లో దేశమంతటా కట్టిన ప్రభుత్వ రంగ క్వార్టర్లన్నింటికీ వర్తిస్తుంది. 2,000 వాట్ల గీజర్ 230 ఓల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్లు 26 ఒక్కసారిగా తిరిగినంత భారమిది. 3,000 వాట్ల రకమైతే 13 ఆంపియర్లు. తర్వాతి కాలంలో తీగలు మార్చని ఇంట్లో గీజర్‌ను చిన్న 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే ముందు ప్లగ్గు వేడెక్కుతుంది, తర్వాత సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ మచ్చ కనిపించిన ఇంట్లో లోపం గీజర్‌ది కాదు, గోడది. గీజర్‌కు 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగిన మందం తీగ, ప్రత్యేకమైన ఎంసీబీ ఉండాలి.

లోపల ఏముంటుంది?

‘గీజర్’ అన్న మాట ఐస్‌లాండ్‌లో వేడినీటిని ఎగజిమ్మే ఒక ఊట పేరు నుంచి వచ్చింది. 1868లో లండన్‌కు చెందిన బెంజమిన్ వాడీ మాగాన్ గ్యాస్‌తో నీటిని వేడిచేసే పరికరం తయారుచేసి దానికి ఈ పేరు పెట్టారు. ఆ పరికరానికి పొగగొట్టమే లేదు! బ్రిటన్‌లో ఆ మాట వాడుక తగ్గిపోయింది గాని మన దేశంలో స్థిరపడిపోయింది. భారత ప్రమాణాల సంస్థ పత్రాల్లో మాత్రం దీని పేరు స్టోరేజ్ వాటర్ హీటర్, వర్తించే ప్రమాణం ఐఎస్ 2082.

నిర్మాణం సులభం. ఒక ట్యాంకు. అందులో మునిగి ఉండే ఎలిమెంట్, దీన్నే చాలామంది కాయిల్ అంటారు. నీరు నిర్ణీత వేడికి చేరగానే కరెంటును ఆపే థర్మోస్టాట్. అది విఫలమైతే సర్క్యూట్‌ను తెంచే థర్మల్ కటౌట్. ఒత్తిడి పెరిగితే నీటిని బయటకు వదిలే సేఫ్టీ వాల్వ్. ట్యాంకు తుప్పు పట్టకుండా తనను తాను అరగదీసుకొనే మెగ్నీషియం కడ్డీ. చన్నీళ్లు అడుగుకు చేరతాయి, తేలికైన వేడినీళ్లు పైనుంచి కుళాయికి వెళ్తాయి.

అంకెలు తెలిస్తే సగం అనుమానాలు తీరుతాయి. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.7 యూనిట్ల విద్యుత్తు కావాలి. 2,000 వాట్ల ఎలిమెంట్‌కు ఇది దాదాపు 21 నిమిషాల పని. 25 లీటర్లకైతే 35 నిమిషాలు. ఓల్టేజీ 180కి పడిపోతే ఎలిమెంట్ శక్తి ఆ నిష్పత్తిలో కాక దాని వర్గానికి అనుగుణంగా తగ్గుతుంది, అంటే 2,000 వాట్ల ఎలిమెంట్ 1,225 వాట్లే ఇస్తుంది. 21 నిమిషాల్లో కాగే నీటికి 34 నిమిషాలు పడుతుంది. వీధివీధంతా గీజర్లు వేసే చలికాలపు ఉదయాల్లో ‘ఆలస్యంగా వేడెక్కుతోంది’ అన్న ఫిర్యాదు వస్తే మరమ్మతుకు ముందు ఓల్టేజీ చూడడం మేలు. అదే గీజర్ మధ్యాహ్నం మామూలుగా పనిచేస్తే దానికి జబ్బేమీ లేనట్టే.

జిల్లుమంటే అక్కడే ఆగాలి

కుళాయిని గాని, షవర్‌ను గాని, తడి గోడను గాని తాకినప్పుడు చేతికి జిల్లుమనిపిస్తే ఇక పరీక్షలేవీ చేయకూడదు. మెయిన్ ఆపి, గదిలోంచి బయటకు వచ్చి, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఎలిమెంట్ పైతొడుగు పగిలి కరెంటు నీటిలోకి వస్తున్నదనీ, దాన్ని నేలకు చేర్చవలసిన ఎర్తింగ్ పనిచేయడం లేదనీ అది చెబుతున్నది. రెండు లోపాలు కలిసినప్పుడే జిల్లు పుడుతుంది. ‘కొంచెమే కదా, చెప్పులు వేసుకొని స్నానం చేస్తే సరి’ అనుకున్నవారున్నారు. తడిసిన ఒంటికి విద్యుత్ నిరోధం బాగా తగ్గిపోతుందని వారికి ఎవరూ చెప్పి ఉండరు.

మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. పై పెద్ద రంధ్రం వెనుక తీగే లేని సాకెట్లు పాత ఇళ్లలో అరుదు కాదు. నియాన్ బల్బు టెస్టర్ దాన్ని పట్టుకోలేదు, కరెంటు ఉందా లేదా అన్నంతవరకే దాని తెలివి. అందుకే ఎర్తింగ్‌ను పరికరంతో కొలిపించుకోవాలి. దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. వెళ్లిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సమానంగా లేవని గ్రహించిన క్షణంలోనే అది సరఫరాను తెంచుతుంది. దాని మీద ఉండే టెస్ట్ మీటను నెలకొకసారి నొక్కి చూడడం యజమాని పనే.

గీజర్ వేయగానే కరెంటు పోతే, ఏ మీట పడిందో చూసి చెప్పడం మెకానిక్‌కు గొప్ప సాయం. ఎంసీబీ పడితే ఎక్కడో తీగలు తాకుతున్నాయని, లేదా భారం మించిందని అర్థం. ఆర్‌సీసీబీ పడితే కరెంటు నేలకు కారుతున్నది, అనుమానం ముందుగా ఎలిమెంట్ మీదికే పోతుంది. పడిన మీటను పదే పదే పైకి లేపడం, ఇంకా ఘోరంగా పెద్ద ఆంపియర్ల ఎంసీబీ పెట్టించడం, జ్వరం కొలిచే థర్మామీటర్‌ను విరగ్గొట్టి జ్వరం తగ్గిందనుకోవడం లాంటిది.

దీపం వెలిగినా వేడి లేకపోతే

దీపమే వెలగకపోతే సాకెట్‌లో మరో పరికరం పెట్టి చూడాలి. అది పనిచేస్తే గీజర్ తీగను, లోపలి కటౌట్‌ను అనుమానించాలి. దీపం వెలుగుతూనే అరగంట తర్వాత కూడా నీళ్లు చల్లగా ఉంటే ఎలిమెంట్ తెగి ఉండవచ్చు. దీన్ని మల్టీమీటర్‌తో ఒక్క నిమిషంలో తేల్చవచ్చు. సరఫరా పూర్తిగా ఆపి, తీగలు విప్పి కొలిచినప్పుడు 2,000 వాట్ల ఎలిమెంట్ దాదాపు 26 ఓమ్‌లు, 3,000 వాట్లది 17 లేదా 18 ఓమ్‌లు చూపాలి. అనంతం చూపితే కాలిపోయినట్టే. ఎలిమెంట్ కొనకూ లోహపు ఒంటికీ మధ్య మాత్రం అనంతమే చూపాలి. అక్కడ ఏ అంకె కనిపించినా ఆ ఎలిమెంట్‌ను పారేయాలి. ఇది శిక్షణ ఉన్నవారు చేయవలసిన పని. ఏం చేస్తున్నారో తెలిసి పక్కన నిలబడడం మాత్రం ఇంటివారి హక్కు.

కొన్ని మోడళ్లలో థర్మల్ కటౌట్‌కు చిన్న ఎర్ర బొత్తాం ఉంటుంది. సరఫరా ఆపి దాన్ని నొక్కితే గీజర్ మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ఒకసారి అయితే ఫర్వాలేదు. వారంలో రెండోసారి పడిందంటే థర్మోస్టాట్ కరెంటును ఆపడం లేదని అర్థం. కటౌట్ తన పని తాను చేస్తున్నది, దాన్ని తప్పించి నేరుగా తీగ కలిపే ‘జుగాడ్’ ఈ రంగంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మరమ్మతు.

ఎలిమెంట్ కాలడానికి ఒక మామూలు కారణం నీరు లేకపోవడమే. కొత్త గీజర్ బిగించిన రోజున, ట్యాంకు కడిగిన తర్వాత, వేళలకే నీరు వచ్చే ఊళ్లలో పైట్యాంకు ఖాళీ అయినప్పుడు ఇది జరుగుతుంది. వేడి కుళాయి తిప్పి, బుడగలు లేకుండా ధార నిలకడగా వచ్చేదాకా మీట వేయకూడదు. అమెరికాలో సెలవులకు ఆర్‌వీ బండ్లు అద్దెకు తీసుకొనే తెలుగు కుటుంబాలు ఎదుర్కొనేదీ ఇదే. చలికాలంలో గొట్టాలు గడ్డకట్టకుండా ఆ బండ్లలో హీటర్‌ను తప్పించి నీరు పోయేలా బైపాస్ వాల్వ్ తిప్పి ఉంచుతారు. వసంతంలో దాన్ని వెనక్కి తిప్పడం మరచి మీట వేస్తే ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ క్షణాల్లో మాడిపోతుంది. వేడి కుళాయిలో చన్నీళ్లు ధారగా వస్తుంటాయి గనుక ట్యాంకు నిండే ఉందని పొరబడతారు. అక్కడి ఎలిమెంట్ 120 ఓల్టుల మీద సుమారు 1,440 వాట్లది. మంచి స్థితిలో ఉంటే 10 ఓమ్‌లు చూపుతుంది. 6 గాలన్ల ట్యాంకులో నీరు 40 డిగ్రీలు వేడెక్కడానికి 44 నిమిషాలు పడుతుంది. బండి పన్నెండు ఓల్టుల బ్యాటరీతో ఆ పని జరగదు, బయటి సరఫరా గాని జనరేటర్ గాని కావాలి.

గోరువెచ్చగా వస్తే

నీళ్లు వేడెక్కుతున్నాయి గాని గోరువెచ్చగానే వస్తున్నాయంటే గీజర్‌ను నిందించే ముందు కుళాయిని చూడాలి. గీజర్‌కు నీరు వెళ్లే వాల్వ్ మూసి వేడి కుళాయి తిప్పాలి. కాసేపటికి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే ఎక్కడో మిక్సర్‌లో చన్నీళ్లు వేడి గొట్టంలోకి దూరుతున్నాయి. మార్చవలసింది మిక్సర్ లోపలి చిన్న కార్ట్రిడ్జినే. పరీక్ష కాగానే వాల్వ్ తెరవడం మరచిపోకూడదు.

ట్యాంకులోంచి పేలాలు వేగుతున్న చప్పుడు వస్తే అది సున్నపు పొర. బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కార్బొనేట్‌గా ఎలిమెంట్‌ను పట్టుకుంటుంది. పంచదార వేడినీటిలో ఎక్కువ కరుగుతుంది, ఇది మాత్రం వేడి పెరిగేకొద్దీ విడిపోయి గట్టిపడుతుంది. పొర కింద చిక్కిన నీరు మరిగి బుడగలుగా పేలడమే ఆ చప్పుడు. ఏడాదికో రెండేళ్లకో ఎలిమెంట్ తీయించి సిట్రిక్ ఆమ్లంతో కడిగించి, అదే సమయంలో మెగ్నీషియం కడ్డీ ఎంత మిగిలిందో చూపించుకోవాలి. కడ్డీ అరిగిపోయిన మరునాటి నుంచి తుప్పు ట్యాంకు మీద పడుతుంది.

వేడిని ఎంత దగ్గర పెట్టాలన్నది వేరే చిక్కు. 60 డిగ్రీల నీరు పెద్దల చర్మాన్ని సైతం ఐదారు సెకన్లలో తీవ్రంగా కాలుస్తుంది. బాగా తగ్గించి, 45 డిగ్రీల దగ్గర రోజుల తరబడి నిల్వ ఉంచితే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరగడానికి అనువుగా ఉంటుంది. 60 దగ్గర ఉంచి, బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టి తర్వాత వేడినీళ్లు కలపడం పిల్లలున్న ఇంటికి తగిన పద్ధతి.

వాల్వ్ నుంచి చుక్కలు పడడాన్ని చూసి చాలామంది కంగారు పడతారు. 20 నుంచి 60 డిగ్రీలకు చేరేసరికి నీటి పరిమాణం దాదాపు ఒకటిన్నర శాతం పెరుగుతుంది. 15 లీటర్ల ట్యాంకులో అది ఒక గ్లాసెడు. చన్నీళ్ల గొట్టంలోకి తిరిగి వెళ్లే దారి లేనప్పుడు ఆ గ్లాసెడు నీరు వాల్వ్ గుండానే బయటకు రావాలి. వేడెక్కేటప్పుడు మాత్రమే కారితే అది ఆరోగ్య లక్షణం. మీట ఆపినా రాత్రంతా కారుతుంటే వాల్వ్ మార్చాలి. నేల తడుస్తోందని దానికి బిరడా బిగించడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. థర్మోస్టాట్ కూడా చెడిన రోజున లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా ఒత్తిడి వల్ల నీరుగానే ఉంటుంది. ట్యాంకు చీలిన క్షణంలో అందులో కొంత భాగం ఆవిరిగా మారుతుంది. ఆవిరి నీటికంటే దాదాపు 1,600 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. గీజర్ పేలుడు అంటే ఇదే.

కారుతున్నది వాల్వ్ నుంచి కాక గీజర్ అడుగు అంచు నుంచైతే, ముందు ఎలిమెంట్ దగ్గరి రబ్బరు వాషర్ మార్పించి చూడవచ్చు. వాషర్ మార్చాక కూడా తుప్పు రంగు నీరు పడుతుంటే లోపలి ట్యాంకుకు చిల్లి పడింది. దానికి అతుకు నిలవదు, కొత్త గీజర్ కొనవలసిందే.