మోకాళ్లు జాగ్రత్త... వాకిలి ఎక్కడికీ పోదు!

సంక్రాంతి నెల వచ్చిందంటే అచ్యుతాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లకు తెల్లవారకముందే పని మొదలు. వాకిలి ఊడవాలి, కళ్లాపి చల్లాలి, ముగ్గు పెట్టాలి. కోడలు ఉదయం షిఫ్టుకు కంపెనీ బస్సెక్కే ఇంట్లో ఆ పనంతా అత్తగారిదే. పూడిమడక లాంటి తీర గ్రామాల్లో చేపల గంపలు మోయడం దీనికి అదనం. మోకాలు పట్టేసినా సరే, చీపురు వదలరు. ఇంట్లోవాళ్లు వద్దంటే 'ఏటీ కాదులే' అనేస్తారు.

కానీ, అవుతుంది! ఎముకల చివర మెత్తలా ఉండే మృదులాస్థి క్రమంగా అరిగిపోతుంటే కీలు బిగుసుకుంటుంది, నొప్పి పెడుతుంది. 2019 లెక్కల ప్రకారం ప్రపంచంలో సుమారు 52.8 కోట్ల మందికి ఈ కీళ్ల అరుగుదల ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 60 శాతం మహిళలే. ఎక్కువగా దెబ్బతినేది మోకాలే.

అలాగని కదలకుండా కూర్చున్నా కష్టమే. తొడ కండరాలు బలహీనపడి మోకాలిపై భారం ఇంకా పెరుగుతుంది. మానాల్సింది పనిని కాదు... చేసే తీరును మార్చుకోవాలి.

మంచు తీసేవారి మాట

అమెరికాలో ఉన్న మన పిల్లలు చలికాలంలో వాకిట్లో మంచును పారతో తీస్తుంటారు. కీళ్లనొప్పులున్నవారికి అక్కడి వైద్యులు చెప్పే సూత్రాలు నాలుగు. ముందు ఒళ్లు వేడెక్కాలి. ఎత్తే బదులు తొయ్యాలి. ఎత్తక తప్పకపోతే కొంచెం కొంచెమే. నడుము మెలితిప్పకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకినప్పుడు ఇళ్ల ముందు కొమ్మలు, చెత్త గుట్టలు పడ్డాయి. అలాంటివి తీసేటప్పుడే కాదు, రోజూ వాకిలి పనికీ ఈ సూత్రాలే రక్ష.

ఇలా చేసి చూడండి

* లేవగానే చీపురు పట్టకండి. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు చాపి, 5 సెకన్లు నిలిపి దించండి. పదేసిసార్లు చేస్తే చాలు.

* పొట్టి చీపురు బదులు పొడవాటి కర్ర ఉన్నది వాడండి.

* నిండు బకెట్ ఒకటి మోసేకంటే సగం సగంగా రెండు చేతులా పట్టుకోవడం మేలు.

* మట్టి తీసేటప్పుడు పారను ఒంటికి దగ్గరగా పట్టుకోండి. పక్కకు వేయాలంటే పాదాలతో సహా తిరగండి.

* గొంతుక్కూర్చోకండి. స్టూలు మీద కూర్చుని చిన్న ముగ్గు వేయండి. పెద్ద ముగ్గు మనవరాలికి అప్పగించండి!

* పావుగంటకోసారి ఆగండి. బిగుసుకుంటే వేడి కాపడం, వాస్తే చల్లని కాపడం.

* కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలిపై దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది.

సొంత వైద్యం వద్దు

మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలను రోజూ మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. బీపీ, షుగరు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. కీలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, ఉదయం బిగుతు గంట దాటినా డాక్టరుకు చూపించాలి. పని మధ్యలో ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆపేసి 108కి ఫోన్ చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఇంట్లోవాళ్ల సాయం. కళ్లాపి బకెట్ కొడుకు మోస్తే ఆ ముగ్గు అందమేమీ తగ్గదు!