రంగు కుంచెలు - పందివెంట్రుకల వర్తకము

మన పడుగుకు గంజి పట్టించే కుంచె వేళ్లతో కట్టినది. రంగులు, వార్నీషు పూసేవారి కుంచెకు మాత్రము పందివెంట్రుకయే ప్రాణము. ఈ వెంట్రుక మొదలు లావు, కొన సన్నము. ఆ కొన రెండు మూడు పాయలుగా చీలి ఉంటుంది. చీలికలే రంగును పట్టి ఉంచి, చారలు పడకుండా పరుస్తాయి.

ఈ సరుకు చాలాకాలము ఎక్కువగా చైనా నుండే వచ్చేది. చుంకింగు నల్లవెంట్రుకకు పెద్ద పేరు. కడగడము, వంపు తీయడము, మొదళ్లన్నీ ఒకవైపుకు తిప్పి పొడవునుబట్టి కట్టలు కట్టడము, అంతా చేతిపనియే. పోగు పోగూ చూసుకొనే మనకు ఆ పని విలువ వేరే చెప్పనక్కరలేదు.

రెండవ ప్రపంచయుద్ధములో చైనా రేవులు జపాను వశము కాగా, ఈ వెంట్రుకలను విమానాలలో హిమాలయాల మీదుగా మన దేశానికి చేర్చి, ఇక్కడినుండి అమెరికాకు పంపినారు. 1950 డిసెంబరులో అమెరికా చైనాతో వర్తకమునే ఆపివేసింది. 1971 లో గాని సడలించలేదు. నూలుకూ రంగులకూ పరాయి తావులపై ఆధారపడే మనము ఈ సంగతి గమనించవలసి ఉన్నది. ఈలోగా, 1938 లోనే పళ్ల బ్రష్షులలోకి వచ్చిన నైలాను, రంగు కుంచెలలోనూ కుదురుకున్నది. నీళ్లు కలిపే గోడరంగులకు అదే మేలు. పందివెంట్రుక నీరు పీల్చి మెత్తబడుతుంది. నూనెరంగులకూ వార్నీషుకూ మాత్రము పనివారు నేటికీ పందివెంట్రుకనే కోరుతారు.